నలుగురి మధ్య ఒక ఇల్లు

మేధోవైకల్యం ఉన్న బిడ్డను పెంచుకొచ్చిన తల్లిదండ్రులకు యాభై దాటాయంటే ఒకటే దిగులు: మేం పోయాక వీడి గతేంటి? ఒకప్పుడు ఈ ప్రశ్న ఇన్ని ఇళ్ళలో వినిపించేది కాదు. కారణం చెప్పడానికి నోరు రాదు గానీ చెప్పుకోవాలి, ఆ బిడ్డలే ముందు వెళ్ళిపోయేవారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం అమెరికాలో 1980ల మొదట్లో 25 ఏళ్ళ దగ్గర ఉండేది, ఇప్పుడు 60కి చేరింది. గుండె ఆపరేషన్లు వచ్చాయి, పెద్దపెద్ద ఆశ్రమాల్లో పడేయకుండా ఇంట్లోనే పెంచుకోవడం పెరిగింది. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం మేధోవైకల్యం కింద నమోదైనవారు సుమారు 15 లక్షలు. బయటికి చెప్పుకోనివాళ్ళు, ఎవరూ గుర్తించనివాళ్ళు ఈ లెక్కలోకి రారు. ఒకప్పుడు ఉమ్మడి కుటుంబంలో ఎవరో ఒకరు చూసుకునేవారు. ఇప్పుడు అన్న హైదరాబాద్‌లో రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటే చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. వాళ్ళకు ప్రేమ లేదని కాదు. నలభై ఏళ్ళ తమ్ముణ్ణి రోజంతా కనిపెట్టుకుని ఉండే మనిషి ఆ ఇళ్ళలో లేరు.

ఇలాంటప్పుడు ఒక చర్చిలోని ప్రార్థన బృందమో, గుడి కమిటీయో, మసీదు పెద్దలో ముందుకొచ్చి, మనమే ఒక ఇల్లు పెడదాం, నలుగురైదుగురు కలిసి ఉంటారు, దేవుడి పని అనుకుని చేద్దాం అంటారు. ఈ అధ్యాయం వాళ్ళ కోసం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అలాంటి ఇంటికి పునాది విశ్వాసమే అయినా, ఆ విశ్వాసం నడిపేవాళ్ళ మీద బాధ్యతగా పడాలి, అందులో ఉండేవాళ్ళ మీద షరతుగా పడకూడదు. ఎక్కడ అద్దెకు తీసుకోవాలి, ఎవరిని జీతానికి పెట్టుకోవాలి, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉండాలి, ప్రార్థన ఎప్పుడు జరగాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ ఒక్క సూత్రం నుంచే దొరుకుతుంది.

ఈ దారిలో అందరికంటే ఎక్కువ దూరం నడిచింది లార్ష్ అనే సంస్థ. 1964 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ట్రోస్లీ-బ్రోయ్ అనే చిన్న ఊళ్ళో జాఁ వానియే అనే కెనడా కాథలిక్కు ఒక పాత ఇల్లు తీసుకుని, మేధోవైకల్యం ఉన్నవాళ్ళను ఉంచే ఒక ఆశ్రమం నుంచి రఫాయెల్ సిమీ, ఫిలిప్ స్యూ అనే ఇద్దర్ని తెచ్చుకుని వాళ్ళతోపాటు తానూ అక్కడే కాపురం పెట్టాడు. వాళ్ళతో వచ్చిన మూడో మనిషి ఆ ఇంట్లో ఇమడలేకపోయాడు, వెంటనే వెనక్కి పంపాల్సి వచ్చింది. ఈ సంగతి కథల్లో ఎక్కువగా చెప్పుకోరు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు మాత్రం అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. మనసులో జాలి ఉన్నంత మాత్రాన ఎవరైనా ఎవరితోనైనా ఒక ఇంట్లో ఉండగలరని కాదు. ఆ ఇద్దరి ఇంటి నుంచి పుట్టినవి ఇప్పుడు 35కు పైగా దేశాల్లో సుమారు 150 ఉన్నాయి. వాటి పద్ధతి ఒకటే. సాయం కావాల్సినవాళ్ళు, సాయం చేసేవాళ్ళు ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే బల్ల దగ్గర తింటారు.

1970లో బెంగళూరులో ఆశా నికేతన్ పేరుతో ఈ సంస్థ మన దేశానికి వచ్చింది. తర్వాత కోల్‌కతా, చెన్నై, కోళికోడ్ దగ్గర నంది బజార్‌లో కూడా ఇళ్ళు వెలిశాయి. పుట్టింది కాథలిక్ వాతావరణంలోనే అయినా, ఇక్కడికొచ్చేసరికి ఇంట్లో ఉండేవాళ్ళు హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు. ఒకరి పండగ ఇంకొకరి పండగ అయింది. ఇదేదో రాజీపడి చేసిన సర్దుబాటని అనుకోనక్కర్లేదు. మేధోవైకల్యం ఉన్న మనిషికి దేవుడు సిద్ధాంతాల రూపంలో ఎదురుపడడు. అమ్మ వెలిగించిన దీపంగానో, నాన్నతో కలిసి వెళ్ళిన ఆదివారం ఆరాధనగానో, రంజాన్ సాయంత్రం ఖర్జూరంగానో అలవాటవుతాడు. ఆ అలవాటును తీసేసి మన అలవాటు పెట్టడమంటే, తల్లిదండ్రులు పోయిన మనిషి దగ్గర మిగిలిన చివరి ఆధారాన్ని లాక్కోవడమే. అందుకే మొదటి సమావేశంలోనే కాగితం మీద రాసుకోవాల్సిన మాట ఒకటుంది: ఈ ఇంట్లో చేరడానికి ఎవరూ మతం మారనక్కర్లేదు, ఉండడానికి ప్రార్థనకు రానక్కర్లేదు, తన కుటుంబ ఆచారం కొనసాగించుకోవడానికి ఇల్లే తోడ్పడుతుంది. మతమార్పిడి అనుమానాలు ఇంత పదునుగా ఉన్న రోజుల్లో ఆ కాగితం మీకు రక్షణ కూడా అవుతుంది. కానీ రక్షణ కోసం రాసుకుంటే అది బీరువాలోనే ఉండిపోతుంది. నిజంగా నమ్మి రాసుకుంటేనే, శుక్రవారం మధ్యాహ్నం ఒకరిని మసీదుకు ఎవరు తీసుకెళ్ళాలన్న ప్రశ్న డ్యూటీ పట్టికలోకి ఎక్కుతుంది.

మరి మతం షరతు కానప్పుడు దాన్ని మత సంస్థ పెట్టడమెందుకు, ప్రభుత్వమో ఒక మామూలు స్వచ్ఛంద సంస్థో పెట్టవచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్న. జవాబు లెక్కలోనే ఉంది. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే, ఏ వేళలోనైనా కనీసం ఒకరు ఇంట్లో ఉండాలన్నా మూడున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు, ఊళ్ళో పెళ్ళిళ్ళు కలుపుకుంటే నలుగురు. స్నానాలు, టిఫిన్లు ఉండే ఉదయం పూట, అందరూ ఇల్లు చేరే సాయంత్రం పూట ఇద్దరు తప్పదు కాబట్టి ఐదుగురు. నలుగురు నివాసులకు ఐదుగురు సిబ్బంది! జీతం ఒక్కటే కట్టిపడేస్తే వాళ్ళలో సగం మంది ఏడాది తిరక్కుండానే వేరే పని చూసుకుంటారు. మేధోవైకల్యం ఉన్న మనిషికి అదే పెద్ద దెబ్బ. తన సైగ, తన అలక, తన కడుపునొప్పి అర్థం చేసుకున్న మనిషి వెళ్ళిపోతే మళ్ళీ మొదటికి రావాలి. విశ్వాసం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. ఎవరూ చూడని పనిని, మెచ్చుకోలు లేని పనిని, ఏళ్ళ తరబడి చేస్తూ నిలబడే మనుషుల్ని అది ఇవ్వగలదు. హెన్రీ నౌవెన్ అనే పేరున్న క్రైస్తవ రచయిత హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడం మానేసి, 1986లో కెనడాలోని లార్ష్ ఇంటికి వెళ్ళి, మాటరాని ఒక యువకుడికి రోజూ స్నానం చేయించి, అన్నం తినిపించే పనిలో కుదురుకున్నాడు. 1996లో చనిపోయేదాకా అదే ఆయన ఇల్లు. జీతం పెంచి అలాంటి మనిషిని తెచ్చుకోలేం.

అయితే అదే మాటను అడ్డం పెట్టుకుని వంటమనిషికి, ఆయాకు తక్కువ జీతమిచ్చి, సేవ అనుకుని చేయండమ్మా అనడం అన్యాయం. సేవాభావం మన ఇష్టంతో మనం పెట్టుకునేది, పక్కవాళ్ళ నెత్తిన రుద్దేది కాదు. జీతం, పీఎఫ్, వారానికి ఒక పూర్తి సెలవు, ఏడాదికి ఒకసారి ఊరికి వెళ్ళొచ్చే తీరిక ఇవ్వలేని ఇల్లు, ఇంకా మొదలుపెట్టే స్థితికి రాలేదని అర్థం.

ఇక రెండో అభ్యంతరం డబ్బు గురించి వస్తుంది. నలుగురికి ఐదుగురు సిబ్బంది ఎందుకు, ఊరి బయట అయిదెకరాలు కొని రెండు వందల మందిని ఒకేచోట ఉంచితే ఖర్చు పంచుకోవచ్చు, భద్రంగా కూడా ఉంటుంది అంటారు. దాతలకు కూడా ఇదే నచ్చుతుంది. శిలాఫలకం వేయడానికి పెద్ద భవనం ఉంటుంది కదా. ఈ ప్రయోగాన్ని ప్రపంచం వంద సంవత్సరాలు చేసి చూసింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం 1908లో పెన్‌హర్స్ట్ అనే పెద్ద ఆశ్రమం తెరిచింది. దాని దుస్థితి మీద కోర్టులో కేసు నడిచి, చివరికి 1987లో మూతపడింది. అక్కడి నుంచి చిన్న ఇళ్ళకు మారుతున్నవాళ్ళను పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించి 1985లో నివేదిక ఇచ్చారు. మారినవాళ్ళు బట్టలు వేసుకోవడం, తినడం, తమ పని తాము చేసుకోవడం వంటి వాటిలో ముందుకెళ్ళారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మార్పును మొదట గట్టిగా వ్యతిరేకించింది వాళ్ళ కుటుంబాలే. బయట మా వాడు బతకలేడు, పెద్ద గోడల మధ్యే క్షేమం అన్నారు. తరలించిన తర్వాత అడిగితే వాళ్ళలో ఎక్కువ మంది మనసు మార్చుకున్నారు. మన తల్లిదండ్రుల భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దని, ఆ భయాన్నే తుది తీర్పుగానూ తీసుకోవద్దని ఈ పరిశోధన చెబుతోంది.

ఎత్తైన గోడలు భద్రత కావని మన పక్క రాష్ట్రమే నేర్పింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. మంచాలకు, స్తంభాలకు గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు పారిపోలేక చనిపోయారు. మానసిక రోగం, మేధోవైకల్యం ఒకటి కావు. కానీ ప్రమాదం పుట్టిన తీరు మాత్రం మనకూ వర్తిస్తుంది. కుటుంబాలు దేవుడి మీద నమ్మకంతో వదిలి వెళ్ళాయి, లోపల ఏం జరుగుతోందో చూసేవాళ్ళు లేరు. భక్తి ఉన్నచోట తనిఖీ ఎందుకన్న సంకోచమే అక్కడ గొలుసులకు కాపలా కాసింది. అందుకే నా సలహా: ఊరి మధ్యలో, బస్సు దొరికే వీధిలో, కిరాణా కొట్టు నడిచి వెళ్ళే దూరంలో, నలుగురికి, మహా అయితే ఆరుగురికి సరిపోయే మామూలు ఇల్లు అద్దెకు తీసుకోండి. బోర్డు పెట్టకండి. పాలవాడు, ఇస్త్రీ చేసే అతను, ఎదురింటి పెద్దావిడ రోజూ గుమ్మంలోకి వచ్చిపోయే ఇల్లే భద్రమైన ఇల్లు. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్య సమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడిక, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఈ మాటే అంటున్నాయి: నలుగురి మధ్య బతికే హక్కు వాళ్ళకుంది, ఫలానా చోటే ఉండి తీరాలని ఎవరూ నిర్బంధించకూడదు.

ఇప్పుడు కష్టమైన సంగతి. లార్ష్‌ను స్థాపించిన వానియే 2019లో చనిపోయాడు. ప్రపంచమంతా ఆయన్ను దాదాపు సాధువుగా కొలిచింది. 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థే, బయటివాళ్ళతో చేయించిన విచారణ ఫలితాన్ని ప్రకటించింది. ఆధ్యాత్మిక మార్గదర్శనం పేరుతో ఆయన ఆరుగురు స్త్రీలను లైంగికంగా వాడుకున్నాడని తేలింది. 2023 జనవరిలో వచ్చిన మరింత లోతైన అధ్యయనం ఆ సంఖ్య కనీసం 25 అని చెప్పింది, మొదటిది 1952 నాటిది. వాళ్ళలో మేధోవైకల్యం ఉన్నవాళ్ళెవరూ లేరు. ఆయనకు గురువైన తోమా ఫిలిప్ అనే మతగురువును ఇలాంటి నేరానికే కాథలిక్ చర్చి 1956లో శిక్షించింది. ఆ సంగతి తెలిసీ వానియే అతణ్ణి అంటిపెట్టుకునే ఉన్నాడు. ఇది చదివాక, చూశారా, మతం పేరుతో పెట్టే ఇళ్ళన్నీ ఇంతే అని లేచి వెళ్ళిపోవాలనిపించడం సహజమే. నేను అలా వెళ్ళిపోను. ఆ ఇళ్ళలో రోజూ జరిగిన మంచి అబద్ధం కాదు, ఆ స్త్రీలకు జరిగిన అన్యాయమూ అబద్ధం కాదు. రెండూ ఒకే కప్పు కింద ఎలా జరిగాయో తెలుసుకోవాలి. ఒక మనిషి మాటకు తిరుగులేకపోవడం, ఆ మనిషే ఆత్మకు సలహాదారు, కొలువుకు యజమాని కావడం, తలుపు మూసిన గదిలో జరిగేది దైవరహస్యం అనుకోవడం, వీటి వల్ల జరిగాయి. స్థాపకుడి పేరు పోయినా ఇళ్ళు నిలబడ్డాయంటే, అవి అప్పటికే ఒక్క మనిషి మీద ఆధారపడని వ్యవస్థగా మారి ఉన్నాయి, తమ తప్పును తామే బయటపెట్టుకునే ధైర్యమూ చూపాయి.

కాబట్టి మీ పాస్టరుగారు, స్వామీజీ, ఇమాంగారు ఎంత మంచివారైనా సరే, ఇంటి రోజువారీ పెత్తనం వారి చేతిలో పెట్టకండి. స్థాపించినవాళ్ళు ఎన్నేళ్ళకు పక్కకు తప్పుకోవాలో ట్రస్టు పత్రంలోనే రాయండి. కమిటీలో మీ మతానికి చెందని ఒకరు, మేధోవైకల్యం ఉన్నవాళ్ళ తోబుట్టువు ఒకరు ఉండి తీరాలి. స్నానం, బట్టలు మార్చడం వంటి పనులు స్త్రీలకు స్త్రీలే చేయాలి, ఎవరు ఎప్పుడు చేశారో పుస్తకంలో రాయాలి. సిబ్బందిలో ఎవరికీ తమ మీద అధికారం ఉన్న మనిషే ఆధ్యాత్మిక సలహాదారు కాకూడదు. ఫిర్యాదు చేయాల్సిన ఫోను నంబరు కమిటీ బయటి మనిషిదై ఉండాలి. 2016 చట్టం ప్రకారం వేధింపుల గురించి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు ఎవరైనా తెలియజేయవచ్చన్న సంగతి వంటగదిలోని అమ్మాయికి కూడా తెలియాలి. ఇంత పత్రాలూ పద్ధతులూ పెట్టుకుంటే ఇల్లు ఆఫీసైపోతుంది, ప్రేమ ఆరిపోతుంది అని బాధపడేవాళ్ళున్నారు. ఆ పుస్తకంలో రాసే నాలుగు వాక్యాలకు రోజుకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు కుదరని ప్రేమను, నోరు లేని మనిషి భరోసాగా తీసుకోలేడు.

చట్టం పని కూడా ఇలాగే ముందే చక్కబెట్టుకోవాలి. ట్రస్టుగానో సొసైటీగానో నమోదైతే సరిపోదు. దివ్యాంగులను ఉంచే సంస్థ ఏదైనా 2016 చట్టం కింద విడిగా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 1999 నాటి చట్టం కింద ఏర్పడిన ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్‌లో నమోదైతే పెద్దవాళ్ళ ఇళ్ళ కోసం దానికున్న ఘరౌందా పథకం గురించి అడగవచ్చు. నివాసులకు లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు భరించే నిరామయ బీమా కూడా అక్కడిదే. పద్దెనిమిదేళ్ళు దాటినవారికి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించేది జిల్లా స్థాయిలో కలెక్టరు ఉండే స్థానిక కమిటీ. ఇక్కడ చాలా ఇళ్ళు ఒక పొరపాటు చేస్తాయి. సౌకర్యంగా ఉంటుందని సంస్థే సంరక్షకుడి స్థానంలో కూర్చుంటుంది. అలా చేయకండి. అన్నం పెట్టే చెయ్యి, ఆస్తి మీద సంతకం పెట్టే చెయ్యి వేర్వేరుగా ఉండాలి. సంరక్షకుడు తోబుట్టువో, పిన్ని కొడుకో, కుటుంబ స్నేహితుడో కావాలి. ఆస్తి వివరాలు ఆరు నెలల్లోగా కమిటీకి ఇవ్వాలని, ఏటా లెక్కలు చూపాలని ఆ 1999 చట్టమే వారిని అడుగుతుంది. దివ్యాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016. ఇది ఆ మనిషి సొంత డబ్బు. ఇంటి ఖర్చుకు ఎంత ఇవ్వాలో రాసుకుని, మిగిలింది ఆ మనిషి ఖాతాలోనే ఉంచాలి. కొత్త చెప్పులో, సినిమానో, గుళ్ళో హుండీలో వేసే పది రూపాయలో ఆ డబ్బులోంచే ఖర్చు పెట్టుకోవాలి. తల్లిదండ్రుల దగ్గర ఒకేసారి పెద్ద మొత్తం కట్టించుకుని జీవితాంతం చూస్తామని హామీ ఇవ్వడం మాత్రం వద్దు. ఆ హామీ నిలబెట్టుకోవడానికి ఎంత కావాలో ఎవరికీ తెలియదు. పైగా డబ్బు అక్కడ ఇరుక్కుపోయాక, నచ్చకపోయినా బయటికి రాలేరు.

నివాసుల వయసు పెరుగుతుందన్నది మొదటి రోజే గుర్తుంచుకోవాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్, వినికిడి, చూపు సమస్యలు ఎక్కువ. నలభై, యాభై ఏళ్ళకే మతిమరుపు జబ్బు మొదలుకావచ్చు. ఉన్నట్టుండి పని మానేసి మొండికేస్తున్నాడంటే అది పొగరు కాకపోవచ్చు, చెవిలో గులిమి కావచ్చు. ఏడాదికోసారి పరీక్షలు, మెట్లు లేని కింది వాటా, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీలు ముందే చూసుకోండి. సలహాకు, శిక్షణకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం మీద 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ ఉంది. సిబ్బందిని అక్కడికి పంపడం ప్రార్థనా మందిరానికి ఏసీ పెట్టించడం కంటే ముందు చేయాల్సిన పని.

ఇల్లు దొరికిన రోజే నలుగుర్నీ తెచ్చి పెట్టేయకండి. ఆరు నెలలు శని, ఆదివారాలు మాత్రమే నడపండి. ఆ రెండు రోజులూ వాళ్ళే కూరగాయలు కొనాలి, ఎవరి పక్క ఎక్కడో వాళ్ళే తేల్చుకోవాలి, తలుపు తాళంచెవి వాళ్ళ చేతిలో ఉండాలి. ఎవరితో ఎవరికి పడుతుందో, ఎవరికి రాత్రిళ్ళు నిద్ర పట్టదో, తల్లి దగ్గర లేకపోతే ఎవరు అన్నం మానేస్తారో అప్పుడే తెలుస్తుంది. తల్లికి కూడా అదే శిక్షణ, శనివారం రాత్రి ఫోను చేయకుండా ఉండడం ఆమె నేర్చుకోవాలి. ఆఖర్న ప్రతి ఒక్కరినీ విడిగా, మాట రానివాళ్ళను బొమ్మలతోనో సైగలతోనో అడగండి. వద్దంటే వద్దన్నట్టే. ఆ జవాబుకు విలువ ఇవ్వలేని కమిటీ ఆ ఇంటిని నడపకూడదు.

ఇక చివరిగా, మూసేయాల్సి వస్తే ఏంచేయాలో కూడా మొదటి పత్రంలోనే రాయాలి. దాతలు తగ్గవచ్చు, ఇంటి యజమాని ఖాళీ చేయమనవచ్చు, సంఘంలో చీలిక రావచ్చు. అప్పుడు ఆస్తి ఇలాంటి పనే చేసే మరో సంస్థకే చెందాలని, నివాసుల సొంత డబ్బు సంస్థ అప్పుల్లోకి పోకూడదని, కనీసం ఆరు నెలల ముందు కుటుంబాలకు, సంరక్షకులకు తెలియజేయాలని ట్రస్టు పత్రంలో ఉండాలి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ముట్టుకోకుండా విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి, దాని మీద కమిటీలో ఇద్దరి సంతకాలు, వాళ్ళలో ఒకరు తోబుట్టువు అయ్యేట్టు చూసుకుని, ఆ తర్వాతే తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడండి.